అక్కనడిగి చట్టం రాసిన ఉప కార్యదర్శి గారు

పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిదవ సంవత్సరం, జూన్ నెల పదమూడవ తేదీ, సోమవారం ఉదయం, పదిగంటలకు ఇంకా అయిదు నిమిషాలు ఉందనగా, ఇరవై మూడేళ్ళ యువతి ఒకరు చట్టాల ముసాయిదా శాఖలో దిగువ శ్రేణి టైపిస్టుగా విధులలో చేరారు. ముప్పై ఏడేళ్ళ నిరంతర సేవానంతరం అదే శాఖ నుండి, ఉప కార్యదర్శి హోదాలో, వారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేయుచున్నారు. ఆ ముప్పై ఏడేళ్ళలో ఇరవై ఆరేళ్ళు వారి పక్క బల్ల దగ్గర కూర్చుని పనిచేసే భాగ్యం ఈ వ్యాసకర్తకు దక్కింది. వ్యాసం నాలుగు పుటలకు మించరాదని ఈ వీడ్కోలు సంచిక సంఘం వారు ముందుగానే ఆంక్ష విధించారు. ఇదే కాగితం ఉప కార్యదర్శి గారి చేతిలో పడితే మూడు దఫాలు కొట్టివేతలు జరిగి పుటన్నరకు దిగివచ్చేది. అందుచేత వారికి తెలియకుండా అచ్చుకు పంపడమైనది.

టైపిస్టుగా ఆరేళ్ళు, సహాయకురాలిగా ఎనిమిదేళ్ళు, ఆపై విభాగాధికారిగా, చివరకు ఉప కార్యదర్శిగా వారు అధిరోహించిన మెట్లన్నీ ఒకే భవనంలోనివి, ఒకే నడవాలోనివి. నీటి సరఫరా మొదలుకొని వాహనాల వేగ పరిమితి వరకు ఎన్నో చట్టాలు వారి చేతి మీదుగా వెళ్ళాయి. శాఖలో చిన్నా పెద్దా అందరూ వారిని చాటుగా "మళ్ళీరాద్దాం మేడమ్" అని పిలుస్తారన్న సంగతి వారికి తెలియదని మనం అనుకుంటాం, తెలుసు. ఏ నిబంధన తయారైనా దాన్ని తీసుకుపోయి లిఫ్టు నడిపే పెద్దాయనకు చదివి వినిపించడం వారి అలవాటు. ఆయన కాసేపు ఆలోచించి ఏదైనా అడిగితే వారికి సంతోషం. వెంటనే తల ఊపేస్తే మాత్రం అనుమానం. "మొహమాటానికి తల ఊపారాయన. అర్థం కాలేదు. మళ్ళీ రాద్దాం," అంటూ తిరిగి వచ్చేవారు. మన ప్రాణాలు తోకకు వచ్చేవన్నది వేరే విషయం.

అయితే ఈ సంచికలో ప్రత్యేకంగా స్మరించవలసినది వారి జీవితంలోని ప్రధాన కృషిని. సొంతంగా నిర్ణయాలు తీసుకునే మానసిక సామర్థ్యం కొరవడిన వయోజనుల సంరక్షణ కోసం మనకు ఒక చట్టం ఉండేది. ఉద్దేశం మంచిదే, కాని తొంభై ఏళ్ళ కిందట రాసినది. న్యాయస్థానం ఒక్కసారి "అసమర్థులు" అని తీర్పు చెప్పి సంరక్షకుణ్ణి నియమిస్తే, ఆ నిమిషం నుండి ఆ మనిషి ఎక్కడ నివసించాలో, ఏ వైద్యుణ్ణి కలవాలో, ఎవరితో స్నేహం చేయాలో, ఓటు వేయాలో వద్దో, సర్వమూ సంరక్షకుడి మాటే. తీర్పుకు గడువు లేదు, సమీక్ష లేదు. ఆ మనిషి తనంతట తాను అర్జీ పెట్టుకుంటే అది అర్జీగానే చెల్లదు. ఒక విషయంలో వెనకబడినవారిని అన్ని విషయాలలోనూ లేనట్టే లెక్కగట్టిన చట్టమది.

ఈ చట్టం మనందరికీ కాగితం మీది సంగతి. వారికి ఇంట్లో సంగతి. వారికంటే నాలుగేళ్ళు పెద్దవారైన వారి అక్కగారికి తొమ్మిదో ఏట తీవ్రమైన జ్వరం వచ్చి, తగ్గింది గాని, వెళ్తూ వెళ్తూ చదువునూ లెక్కలనూ పట్టుకుపోయింది. మాట కూడా నెమ్మదించింది. తండ్రి ఉన్నన్నాళ్ళూ ఆయనే సంరక్షకుడు. ఆయన కాలం చేశాక, రెండువేల సంవత్సరంలో, న్యాయస్థానం మన ఉప కార్యదర్శి గారిని అక్కకు సంరక్షకురాలిగా నియమించింది. విచారణకు పట్టినది కేవలం తొమ్మిది నిమిషాలు. ఆ తొమ్మిది నిమిషాలూ అక్కగారు బయట నడవాలో బల్ల మీద, చెల్లెలి గొడుగు పట్టుకుని కూర్చున్నారు. లోపలికి పిలవాలని ఎవరికీ తోచలేదు.

ఏడేళ్ళ కిందట ప్రభుత్వం ఈ చట్టాన్ని సంస్కరించడానికి ఒక విశ్రాంత న్యాయమూర్తి గారి అధ్యక్షతన సంఘాన్ని వేసింది. వైద్యులు, న్యాయవాదులు, ఆచార్యులు సభ్యులు. ముసాయిదా భారం మన ఉప కార్యదర్శి గారిది. పదకొండు నెలలు సంఘం సమావేశమైంది. నాలుగు వందల పుటల నివేదిక సిద్ధమైంది. అప్పుడు గాని ఉప కార్యదర్శి గారికి ఒక వెలితి తట్టలేదు. సంరక్షణలో ఉన్న మనిషి ఒక్కరైనా ఆ గదిలోకి అడుగుపెట్టలేదు. పిలవాలని వారే పట్టుబట్టారు. న్యాయస్థానం దస్త్రాల నుండి, సంఖ్యల మీద చీటీలు తీసి, నలభై మందిని ఎంపిక చేసి, నలభై ఆహ్వానాలు తయారుచేయించి, ఒక్క మధ్యాహ్నంలో నలభై సంతకాలు చేశారు. చిరునామాలు పంపకాల విభాగం వారు తరువాత అతికించారు.

ఇక్కడ జరిగిన పొరపాటు మన శాఖవారే చేయగలిగినది, ఇంకెవరికీ చేతకాదు. న్యాయస్థానం దస్త్రంలో ఉన్నవి సంరక్షకుల చిరునామాలు. ఆనవాయితీ ప్రకారం నలభై ఆహ్వానాలూ సంరక్షకుల పేరనే వెళ్ళాయి. మీ గొంతు వినాలనుకుంటున్నామని రాసిన ఉత్తరాన్ని, ఎవరి గొంతు వినాలో వారికి తప్ప అందరికీ పంపాం.

అయిదు వారాలకు జవాబులు వచ్చాయి. ఒక శుక్రవారం భోజన విరామం తరువాత ఈ వ్యాసకర్త ఒక్కొక్కటే విప్పి చదువుతుండగా, ఉప కార్యదర్శి గారు కిటికీ పక్కన నిలబడి వింటున్నారు. రాలేరు. ఆరోగ్యం సహకరించదు. ప్రయోజనం లేదు. తీసుకురావడం కష్టం. పది దాటేసరికి వారి ముఖం ఎర్రబడింది. ఇరవై దాటాక గదిలో అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టారు. ఇరవైమూడో ఉత్తరంలో ఇలా ఉంది: "మా అక్కకు ఇటువంటి విషయాలు అర్థం కావు. ఆమెను రప్పించి ఇబ్బంది పెట్టడం భావ్యం కాదని చెల్లెలిగా మనవి."

"ఎవరావిడ?" అన్నారు ఉప కార్యదర్శి గారు. "అర్థం కాదని ఈవిడకెలా తెలిసింది? అక్కని అడిగిందా? ఒక్క మాట అడిగి రాసిందా?"

ఈ వ్యాసకర్త సంతకం అప్పుడే చూశాడు. కాగితాన్ని వారి వైపు తిప్పి బల్ల మీద పెట్టాడు.

అది వారి దస్తూరీయే. ఆహ్వానం నెల కిందట ఒక శనివారం ఇంటికి వచ్చిందట. తన సంతకంతో తనకే ఉత్తరం వచ్చిందని నవ్వుకుని, చేతిలో పని ఉండి, ఏళ్ళ తరబడి అక్క తరఫున ప్రతి కాగితానికీ జవాబు రాసిన అలవాటు కొద్దీ రెండు ముక్కలు రాసి టపాలో వేసి మరిచిపోయారట. అధికారిగా పిలిచినదీ వారే, సంరక్షకురాలిగా వద్దన్నదీ వారే, వద్దన్నందుకు మండిపడినదీ వారే. అక్కగారు అదే సమయంలో పక్క గదిలోనే ఉన్నారు.

వారు కుర్చీలో కూర్చున్నారు. "గురివిందకి కింద నలుపు తెలియదంటారు," అన్నారు. "యాభై మూడేళ్ళొచ్చాయండీ నాకు. ఇవాళ తెలిసింది."

ఆ ఉత్తరం సంగతి తెలిసినది ఇద్దరికి. అది కట్టలోంచి జారిపోయి ఉంటే అడిగేవారు లేరు. సంస్కరణ మీద కత్తులు నూరుతున్నవారు సంఘంలోనే ఇద్దరున్నారు. ముసాయిదా రాసే అధికారే ఇలా చేశారని తెలిస్తే వారిని తప్పించమని అడగడం ఖాయం. ఈ వ్యాసకర్త ఆ మాట మెల్లగా చెవిన వేశాడు కూడా. అది చెప్పినందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. వారు విననట్టే ఊరుకుని, ఆ ఉత్తరానికి నకలు తీయించి, తరువాతి సమావేశంలో మొదటి అంశంగా పెట్టించారు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళారు.

ఇంట్లో జరిగినది వారే తరువాత సంఘం ముందు ఉన్నదున్నట్టు చెప్పారు. అక్కగారు మంచం మీద కూర్చుని ఆరిన బట్టలు మడతపెడుతున్నారట.

"అక్కా, నిన్నొక మీటింగుకి పిలిచారు."

"ఎప్పుడు?"

"ఉత్తరం వచ్చి నెల దాటింది. నువ్వు రావని రాసేశాను."

అక్కగారు దుప్పటి అంచులు కలిపి, చేత్తో నిమిరి, మడత పూర్తిచేశారట. "నన్నడగలేదేం?"

"తోచలేదక్కా."

"నీకు తోచదు. చిన్నప్పట్నుంచీ అంతే," అని ఇంకో దుప్పటి అందుకున్నారట. "నేనొస్తాను. ఏ బట్టలు కట్టుకోవాలో నేనే చూసుకుంటా. నువ్వు తియ్యకు."

మొదటి అంశం చదవగానే సమావేశం వేడెక్కింది. తప్పించాలన్నవారు తప్పించాలన్నారు. న్యాయమూర్తి గారు అందరినీ మాట్లాడనిచ్చి, చివరకు "ఈ చట్టంలో చెడ్డవాళ్ళని వెతుకుతూ పదకొండు నెలలు గడిపాం. ప్రాణంగా చూసుకునేవాళ్ళు కూడా అడగరని ఈ ఒక్క కాగితం చెబుతోంది. దీన్ని రాసినావిడే ముసాయిదా రాయాలి," అన్నారు. నలభై ఆహ్వానాలు మళ్ళీ రాశారు. ఈసారి మనుషుల పేర, న్యాయస్థానం బంట్రోతుల చేత, చేతికిచ్చి చదివి వినిపించాలన్న షరతుతో పంపారు. ఇరవై తొమ్మిది మంది వచ్చారు.

అక్కగారి వంతు వచ్చిన రోజు ఈ వ్యాసకర్త గదిలోనే ఉన్నాడు. నీలం రంగు దుస్తులలో, తల నున్నగా దువ్వుకుని వచ్చి కూర్చున్నారు. "మీకేం కావాలమ్మా?" అని న్యాయమూర్తి గారు అడిగారు. అక్కగారు పలకలేదు. నిమిషం గడిచింది. వైద్యులవారు అందించబోయారు, న్యాయమూర్తి గారు చెయ్యెత్తి ఆపారు. రెండు నిమిషాలు. ఉప కార్యదర్శి గారి పెదవులు విచ్చుకున్నాయి. పద్దెనిమిదేళ్ళుగా అక్క తరఫున మాట్లాడిన పెదవులు. మాట గొంతు దాకా వచ్చిందని ఎదుట కూర్చున్నవారందరికీ కనిపించింది. వారు నోరు మూసుకుని రెండు చేతులతో కుర్చీ పట్టుకున్నారు.

"ఆగండి. ఆలోచిస్తున్నా," అన్నారు అక్కగారు, ఎవరూ ఏమీ అనకుండానే. ఆ తరువాత ఒక్కొక్క మాటే చెప్పారు. "నాకన్నీ రావు. చదవడం రాదు. లెక్క రాదు. బట్టలు మడతపెట్టడం వచ్చు. ఎవరు మంచివాళ్ళో తెలుస్తుంది. రానిదాంట్లో మా చెల్లి చెయ్యాలి. వచ్చినదాంట్లో చెయ్యకూడదు."

న్యాయమూర్తి గారు కలం కింద పెట్టేశారు. నాలుగు వందల పుటలలో మేమంతా కలిసి పట్టుకోలేకపోయిన సూత్రం ఆ నాలుగు ముక్కలలో ఉంది. నేటి నిర్ణయ సహాయ చట్టంలో మూడవ నిబంధన చూడండి: ఏ విషయంలో సామర్థ్యం కొరవడినదో ఆ విషయంలోనే సహాయం, సామర్థ్యమున్న విషయంలో జోక్యం నిషిద్ధం. సమాధానం చెప్పడానికి వ్యక్తికి కావలసినంత వ్యవధి ఇవ్వడం న్యాయస్థానం విధి అని పదకొండవ నిబంధన. అవి రెండూ ఎవరివో శాసనసభలో ఓటు వేసినవారికి తెలియదు.

ఆపై రెండేళ్ళ శ్రమను వర్ణించడానికి పుటలు చాలవు. వచ్చిన ఇరవై తొమ్మిది మందిలో పదహారు మంది ప్రతి గురువారం మన మూడో అంతస్తు గదికి వచ్చేవారు. ప్రతి నిబంధననూ వారికి చదివి వినిపించేవారు. అర్థం కాలేదని ఒక్కరన్నా మళ్ళీ రాసేవారు. తొమ్మిదవ నిబంధన ఇరవై ఏడుసార్లు మారింది. ముప్పై ఏళ్ళ కొడుకును ఒంటిచేత్తో సాకుతున్న లారీ మెకానిక్కు ఒకాయన ఒకనాడు తలుపు తోసుకుని వచ్చి, "మీరు హక్కులు రాస్తారు, బానే ఉంది. మావాడు రోడ్డు మీదికి పరుగెత్తితే పట్టుకోవచ్చా, కూడదా? అది రాయండి ముందు," అని నిలదీశాడు. ఉప కార్యదర్శి గారు ఆయనకు కుర్చీ వేయించి మూడు గంటలు విన్నారు. అత్యవసర రక్షణకు సంబంధించిన అధ్యాయం మొత్తం ఆ మూడు గంటలలోంచి వచ్చింది. వచ్చినవారెవరినీ వారు శత్రువుగా చూడలేదు. చూస్తే ముందు తనను తాను చూసుకోవలసి వస్తుందని ఒకసారి అన్నారు.

చట్టం అమలులోకి రాగానే పాత తీర్పులన్నీ సమీక్షకు వచ్చాయి. మొట్టమొదటి దరఖాస్తు తమదే అయివుండాలని పట్టుబట్టి, తమ సంరక్షక హోదాపై సమీక్షను ఉప కార్యదర్శి గారే కోరారు. అక్కగారు వారి ఇంటి వీధి చివరి లాండ్రీలో ఏళ్ళుగా పగటిపూట బట్టలు మడతపెడుతున్నారు. లాండ్రీ మీది గదిలో అక్కడ పనిచేసే ఇద్దరు ఆడవాళ్ళుంటారు. తాను వాళ్ళతో ఉండాలనుకుంటున్నానని అక్కగారు న్యాయస్థానంలో చెప్పారు. ఆ మాట చెల్లెలికి అంతకు వారం ముందే తెలుసు. ఆ వారమంతా కార్యాలయంలో వారు ఒక్క కాగితం కూడా కొట్టివేయలేదు. అప్పుడే మనకు భయం వేసింది.

అభ్యంతరాలున్నాయా అని అడిగితే, వారు సంచిలోంచి కాగితం తీశారు. పదకొండు అంశాలు. ఒక్కొక్కటే చదివారు, అక్కగారు ఒక్కొక్కదానికే జవాబిచ్చారు.

"పొయ్యి?"

"వాళ్ళు ముట్టిస్తారు. నేను గిన్నెలు కడుగుతా."

"మందులు?"

"పెట్టె ఉంది. ఎర్రది పొద్దున, తెల్లది రాత్రి. నువ్వు ఊళ్ళో లేనప్పుడు నేనే వేసుకున్నా, నీకు చెప్పలేదు."

"మెట్లు?"

"పట్టుకోడానికి కడ్డీ ఉంది."

అలా పది అయ్యాయి. పదకొండోది వారు చదవలేదు. కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, "అభ్యంతరాలు లేవండీ," అన్నారు. విచారణ నలభై నిమిషాలు నడిచింది. వైద్యానికీ, పత్రాలకూ చెల్లెలు సహాయకురాలు. మిగిలినవన్నీ అక్కగారి ఇష్టం. మెట్లు దిగుతూ ఆ కాగితం ఈ వ్యాసకర్త చేతికిచ్చారు. పదకొండో అంశం దగ్గర "మరి నేను?" అని రాసి ఉంది.

మరుసటి ఆదివారం వారే అక్క పెట్టె మోసుకుని లాండ్రీ మీది గదికి వెళ్ళారు. దారంతా ఏడ్చారని లాండ్రీ ఆవిడ చెప్పింది. సోమవారం పదిగంటలకు అయిదు నిమిషాల ముందు వచ్చి బల్ల దగ్గర కూర్చున్నారు. అక్షరాలా తాము రాసిన చట్టం తమ ఇంటినే మొదట ఖాళీ చేస్తే, దాన్ని ఒక్క కామా కూడా సడలించకుండా అమలు చేయించిన అధికారిని ఈ వ్యాసకర్త మరొకరిని ఎరుగడు. ఈనాటికి రెండువేల ఆరువందల పైచిలుకు పాత తీర్పుల సమీక్ష పూర్తయింది. ఆ మనుషులలో చాలామందికి ఉప కార్యదర్శి గారు ఎవరో తెలియదు. మనకు తెలుసు. ఆ గొప్పతనం పక్కన ఇన్నేళ్ళు కూర్చుని, టీ చల్లారిపోయిందని సణుగుతూ గడిపామంటే ఇప్పుడు మనకే నమ్మశక్యంగా లేదు.

ఆయురారోగ్యాలతో, మనశ్శాంతితో, ఎవరూ గడువు పెట్టని పనులతో వారు నిండు నూరేళ్ళు జీవించాలని శాఖ యావత్తూ మనసారా ఆకాంక్షిస్తోంది. విశ్రాంత జీవితాన్ని వారు ఎలా గడపాలన్నదాని మీద సంచిక సంఘం వారు ఒక పేరా రాసి పెట్టారు గాని, వారిని అడగకుండా రాసినది గనుక తొలగించడమైనది. దాని స్థానంలో ఆశీస్సు పలకవలసిందిగా వారి అక్కగారికి, వారి పేరనే, ఆహ్వానం పంపాం. లాండ్రీలో పని ముగించుకుని వచ్చి, ఆలోచించుకోవడానికి వ్యవధి తీసుకుని, వారు చెప్పినది చెప్పినట్టు ఇక్కడ అచ్చువేస్తున్నాం:

"మా చెల్లి రోజూ పొద్దున్నే లేచేది. ఇంక లేవక్కర్లేదు. దానికి ఎప్పుడు లేవాలనిపిస్తే అప్పుడు లేవాలి. ఒంట్లో బాగుండాలి. చాలా ఏళ్ళుండాలి, నాకంటే ఎక్కువ. అది ఒక్కతే ఉంటోంది. మా గదిలో ఇంకో మంచం పడుతుంది, నేను కొలిచి చూశా. వస్తానంటే రమ్మనండి. రానంటే బలవంతం చెయ్యకండి."